కొబ్బరికాయ కుస్తీ

నేను దర్జీని. బాన్సువాడ బస్టాండు వెనక సందులో నాకో చిన్న షాపుంది. రోజూ పదిమంది ఛాతీలు, భుజాలు, నడుములు కొలవడమే నా పని. కాబట్టి ఇది కొలిచి చెబుతున్న మాటే అనుకోండి: నా మణికట్టు ఆరంగుళాలు లేదు. మా అమ్మ గాజులు నా చేతికి ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కుతాయి. చిన్నప్పుడు ఎక్కించుకుని చూసి, ఒకటి పగలగొట్టి, దెబ్బలు తిన్నాను. ఇప్పుడు ముప్పై ఏడేళ్లొచ్చాయి. ఇప్పటికీ ఎక్కుతాయి.

ఇది మా ఇంటి చెయ్యి. మా తాతది ఇదే, మేం బాపు అని పిలిచే మా నాన్నది ఇదే. పొడుగు వేళ్లు, సన్నటి ఎముక, దాని మీద చర్మం అతికించినట్టు ఉంటుంది. కొందరికి పొలం వస్తుంది, కొందరికి ఇల్లు వస్తుంది. నాకు ఈ మణికట్టు వచ్చింది. పంచుకోవడానికి అన్నదమ్ములు కూడా లేరు, మొత్తం నాకే.

మా ఊరు బాన్సువాడ నుంచి పిట్లం పోయే దారిలో, రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. ఎండలు ముదరకముందే జాతర, జాతర ఆఖరి రోజు మధ్యాహ్నం నుంచి కుస్తీలు. మా వైపు కుస్తీలు చూడనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. మొదటి కుస్తీలన్నీ కొబ్బరికాయ కుస్తీలు. గెలిచినవాడి చేతిలో ఒక కొబ్బరికాయ పెట్టి పంపిస్తారు. పొద్దు వాలేకొద్దీ బహుమతి పెరుగుతుంది. ఆఖరి కుస్తీకి వెండి కడియం. దాని కోసం జుక్కల్ అవతల నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా పహిల్వాన్లు దిగుతారు. కొబ్బరికాయ కుస్తీలప్పుడు జనం మిర్చీబజ్జీల బండి దగ్గర ఉంటారు. కడియం కుస్తీకి చెట్లెక్కి చూస్తారు.

ఎవడు కొబ్బరికాయకు, ఎవడు కడియానికి అన్నది తేల్చడానికి అప్పట్లో తూకం రాయి లేదు, వయసు కాగితం లేదు. బరిలో నలుగురు పెద్దమనుషులు నిలబడేవాళ్లు. కుస్తీ పట్టదలచినవాడు అంగీ విప్పి వాళ్ల ముందుకు రావాలి. వాళ్లు వాణ్ణి ముందు నుంచి చూస్తారు, తిప్పి వెనక నుంచి చూస్తారు, మోచేతి పైన దండ పట్టుకుని చూస్తారు. అలాంటివాణ్ణే ఇంకొకణ్ణి పిలిచి, ఇద్దరి చేతులు కలిపి పైకెత్తి, ఈ జోడు ఫలానా బహుమతికి అని అరుస్తారు. దీన్ని జోడు కట్టడం అంటారు. ఆ మాటకు తిరుగు లేదు. ఒకసారి చెయ్యి పైకి లేచిందంటే ఆ ఏడాదికి నీ విలువ అంతే.

ఆ నలుగురిలో ఒకడు మా బాపు.

బాపు పశువుల దలాలి. పిట్లంలో, ఇంకా చుట్టుపక్కల ఎక్కడ పశువుల అంగడి జరిగినా ఆయన ఉండాల్సిందే. కొనేవాడూ పిలిచేవాడు, అమ్మేవాడూ పిలిచేవాడు. ఎందుకంటే ఆయన బొటనవేలికి అబద్ధం చెప్పడం ఎవడి వల్లా అయ్యేది కాదు. అంగడికి తెచ్చే ముందు కొందరు ఎద్దుకు ఉప్పు కలిపిన తవుడు బాగా పెట్టి, కడుపునిండా నీళ్లు తాగిస్తారు. పక్కటెముకలు కనిపించవు, డొక్క నిండుతుంది, బక్క ఎద్దు కూడా పెళ్లికొడుకులా తయారవుతుంది. బాపు దాని చుట్టూ ఒకసారి తిరిగి, పక్కటెముకల వెనక బొటనవేలు పెట్టి నొక్కేవాడు. నీటి ఉబ్బు అయితే వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంటుంది. కండ అయితే వేలునే వెనక్కి నెడుతుంది. ఇంకో మాట లేకుండా తల ఊపేవాడు, లేదా అక్కడి నుంచి నడిచి వెళ్లిపోయేవాడు. ఎద్దులను చూసే కన్ను ఉన్నవాడికి మనుషులను చూసే కన్ను ఉండదా అని ఊరు ఆయన్ను బరిలో నిలబెట్టింది.

బాపు కూడా వయసులో కుస్తీలు పట్టాడు. అన్నీ కొబ్బరికాయవే. ఆ మణికట్టు చూసి ఎవడు కడియానికి పిలుస్తాడు? జాతర అయిన మర్నాడు మా ఇంట్లో కొబ్బరి పచ్చడి తప్పకుండా ఉండేదని అమ్మ చెప్పేది. ఆమె మురిపెంగానే చెప్పేది. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ పచ్చడి గొంతు దిగేది కాదు.

ఇరవై రెండేళ్లప్పుడు బాన్సువాడలో జిమ్‌లో చేరాను. ఎరువుల దుకాణం మీది అంతస్తు. పైన ఇనుము వాసన, కింద నుంచి పురుగుమందు వాసన. నడిపేవాడు నన్ను అద్దం ముందు నిలబెట్టాడు. మణికట్టు చుట్టూ తన రెండు వేళ్లు పెట్టాడు. వేళ్లు కలిసి ఇంకా మిగిలాయి. "తమ్మీ, ఆశ మంచిదే గని జెనెటిక్స్ మంచిగ లేవు" అన్నాడు. నెల రుసుము అప్పటికే కట్టేశాను, లేకపోతే అప్పుడే మెట్లు దిగేవాణ్ణి. ఆ మాట నేను అంతకుముందు వినలేదు. అర్థం తెలుసుకున్నాక నవ్వొచ్చింది. మా ఊళ్లో ఇదే సంగతి తరతరాలుగా "వీళ్లది బొక్కల ఖాందాన్", అంటే ఎముకల వంశం, అని చెబుతూనే ఉన్నారు. ఇక్కడ నెలనెలా డబ్బు తీసుకుని ఇంగ్లీషులో చెప్పారు, అంతే తేడా.

నాతోపాటే ఇంకొకడు చేరాడు. నిజాంసాగర్ కాలువ కింద ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ల క్యాంపుల్లో ఒకదాని నుంచి వచ్చేవాడు, నా ఈడువాడే. మంచివాడు. వాడి మంచితనం కూడా నాకు మంటగానే ఉండేది. వారంలో మూడు రోజులు వచ్చేవాడు. అందులో ఒక రోజు మొత్తం ఫోనులోనే. ఇంటికి పోయి గడ్డపెరుగుతో అన్నం తిని పడుకునేవాడు. మూడు నెలలకు వాడి చొక్కాలు భుజాల దగ్గర పిగిలాయి. కొత్తవి కుట్టింది నేనే. ఛాతీకి రెండంగుళాలు ఎక్కువ పెట్టాల్సి వచ్చింది. టేపు వాడి చుట్టూ తిప్పి, అంకె నమ్మక మళ్లీ కొలిచాను. కుళ్లుతోనే కొలిచాను, ఎందుకు దాచడం?

నేను ఆరు రోజులూ వెళ్లేవాణ్ణి. పొద్దున ఐదింటికి సైకిలు, ఏడింటిదాకా ఇనుము, తర్వాత షాపు. ఉడకబెట్టిన గుడ్లు, నానబెట్టిన శనగలు, పల్లీలు. తిన్నది ఎటు పోయేదో నాకు తెలియదు. మొదటి ఏడాదికి మూడు కిలోలు పెరిగాను. జ్వరం వస్తే అందులో రెండు పోయాయి. మా అమ్మ అయితే ఆ ఇనుమే నన్ను తినేస్తోందని నమ్మింది. అద్దంలో మార్పు లేదు. టేపు పెట్టి చూసుకుంటే దండ ఒక అరంగుళం పెరిగేది, అది కూడా ఊపిరి బిగబడితే.

కానీ లోపల ఏదో జరుగుతూ ఉండేది. అది కంటికి కనిపించేది కాదు. మొదట్లో లేవని బరువు లేచేది. ఆ తర్వాత దానికి ఇంకో బిళ్ల తగిలిస్తే అదీ లేచేది. నెలకు ఒకసారి, ఒక్కోసారి రెండు నెలలకు ఒకసారి, చాలా పిసినారిగా, ఒక్కో కిలో ఇచ్చేది నా ఒళ్లు. నేను వదల్లేదు. ఐదో ఏడు వచ్చేసరికి యాభై ఏడు కిలోల మనిషిని, నేల మీద నుంచి నూట నలభై ఎత్తాను. క్యాంపు దోస్తు ఎనభై కిలోల మనిషి, నూట ఇరవై దగ్గర ఆగిపోయాడు. "రేయ్, నీ ఒంట్లో ఎక్కడ దాచావురా అదంతా" అని వాడే అడిగాడు. అప్పుడు జిమ్ నడిపే ఆయన కూడా చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి చూశాడు. ఆ రోజు షాపులో ఒక ప్యాంటుకు రెండు కాళ్లూ ఒకే వైపు కుట్టాను. అంత సంతోషం.

జాతరకు ఇంకా నెల ఉంది. ఆ నెలంతా నేను ఒక్కటే అనుకున్నాను. బాపు దండ పట్టుకుని చూస్తాడు. బొటనవేలు పెట్టి నొక్కుతాడు. ఆ వేలికి తెలియకుండా పోదు. మనుషులు చూసేది ఎముకనే, కానీ ఆ వేలు చూసేది కండను. కడియం గెలవకపోయినా నాకు ఫికర్ లేదు. కడియానికి జోడు కడితే చాలు. నలుగురి ముందు, మా బాపు నా చెయ్యి పైకెత్తి, ఆ మాట అనాలి. నాకు కావలసింది అంతే. ఐదేళ్లు ఇనుము మోసింది దాని కోసమే.

జాతర రోజు క్యాంపు దోస్తు కూడా వచ్చాడు, ఉత్తగా చూడడానికి. బజ్జీలు తింటూ నిలబడ్డాడు. నేను అంగీ విప్పి బరిలోకి వెళ్లాను. ఎవరో అప్పుడే మొదలుపెట్టారు, వీడికి కడెం ఇస్తే మోచేతిదాకా ఎక్కుతది అని. నేను పట్టించుకోలేదు. ముగ్గురు పెద్దమనుషులు ఒక చూపు చూసి నవ్వుకుని పక్కకు జరిగారు, నీ కొడుకే కదా నువ్వే చూసుకో అన్నట్టు. బాపు వచ్చాడు. నా చుట్టూ తిరిగాడు. దండ పట్టుకుని బొటనవేలు పెట్టి నొక్కాడు. చాలాసేపు నొక్కాడు. ఆ వేలును నా కండ వెనక్కి నెట్టడం నాకు తెలిసింది. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా ముఖంలోకి చూడలేదు.

"కొబ్బరికాయ" అన్నాడు.

తండా నుంచి వచ్చిన ఒక కూలిమనిషిని నాకు జోడు కట్టారు. పాపం, అతను జాతరకు పిల్లలను తీసుకొచ్చి, సరదాగా అంగీ విప్పినవాడు. నేను పట్టుకోగానే అతనికి అర్థమైపోయింది. మెల్లగా వెయ్యన్నా, నా చెయ్యి ఇరుగుతది అని నా చెవిలో అన్నాడు. మెల్లగానే వేశాను. నా చేతిలో కొబ్బరికాయ పెట్టారు. తర్వాత ఒక పెద్దమనిషి జనంలోకి చూసి, ఆ పిలగాడు మంచిగున్నడు, తీసుకురండి అని క్యాంపు దోస్తును పిలిపించాడు. వాడు నాకొద్దండి అంటున్నా అంగీ విప్పించారు. కడియం కుస్తీకి ముందు, సగం తూకం వెండి ఇచ్చే అర్ధకడియం కుస్తీకి జోడు కట్టారు. వాడి చెయ్యి పైకెత్తింది మా బాపే. వాడు ఓడిపోయాడు, అయినా జనం చప్పట్లు కొట్టారు. బజ్జీల నూనె ఇంకా వాడి మూతికి ఉంది.

నేను ఇంటికి వచ్చి కొబ్బరికాయ బాపు ముందు నేల మీద పెట్టాను. ఆయన దాన్ని తీసి అమ్మకు ఇచ్చాడు. మర్నాడు పచ్చడి అయింది. నేను తినలేదు.

ఆ రోజు నుంచి నేనొక మాట నమ్మాను. ఆ కన్నుకు నా ఒంట్లో ఉన్నది కనిపించదు. బొక్క సన్నగా ఉన్నంతకాలం దాని మీద ఏముందో ఎవడూ చూడడు, కన్నతండ్రి కూడా చూడడు. కాబట్టి కంటికి కనిపించేది సంపాదించాలి. ఇప్పుడు చెబుతుంటే ఎంత మూర్ఖంగా ఉంది. అప్పుడు మాత్రం చాలా తెలివైన ఆలోచనలా అనిపించింది.

మోటారు సైకిల్ మీద ఊరూరా తిరిగి డబ్బాలు అమ్మే మనిషి ఒకడు ఉండేవాడు. డబ్బా మీద పేరు లేదు, లోపల మట్టి రంగు పొడి. రెండు చెంచాలు పాలల్లో వేసుకుంటే మూడు నెలల్లో నీ అమ్మ కూడా గుర్తుపట్టదు అన్నాడు. దాంతోపాటు పొట్లంలో మాత్రలు. ఆ మాట మాత్రం నిజమే చెప్పాడు. రెండో నెలకే ఆకలి రాక్షసంగా పెరిగింది. మూడు పూటలా కుండెడు అన్నం తిన్నాను. బుగ్గలు వచ్చాయి. దండలు గుండ్రంగా అయ్యాయి. చొక్కాలు నేనే విప్పి మళ్లీ కుట్టుకున్నాను. షాపుకు వచ్చినవాళ్లు ఏందన్నా పైల్వాన్ లెక్క అయినవ్ అని నవ్వుతూ అడిగితే నేను టేపు మెడలో వేసుకుని ఛాతీ విరిచి నిలబడేవాణ్ణి. అమ్మ మురిసిపోయి దిష్టి తీసింది.

జిమ్‌లో మాత్రం నూట నలభై లేవడం మానేసింది. తర్వాత నూట ఇరవై కూడా. రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం. పొద్దున లేస్తే సాక్సు గుర్తులు పిక్కల మీద మధ్యాహ్నందాకా ఉండేవి. క్యాంపు దోస్తు రెండుసార్లు అడిగాడు, ఏం వాడుతున్నావు, మానెయ్యి అని. నీకు పుట్టుకతో వచ్చింది నేను కొనుక్కుంటే తప్పా అన్నాను. వాడు మళ్లీ అడగలేదు. జిమ్‌కు పోవడం తగ్గించాను. బరువు ఎత్తితే కదా తెలిసేది, బరిలో ముందు చూసేది రూపమే కదా అనుకున్నాను. బలం కోసం మొదలుపెట్టినవాణ్ణి, బలం పోతున్నా ఊరుకున్నాను.

కొబ్బరికాయ గెలిచిన రెండేళ్లకు మళ్లీ జాతరలో అంగీ విప్పాను. ఈసారి ఎవడూ కడెం మోచేతికి ఎక్కుతది అనలేదు. గుంపు కొంచెం వెనక్కి జరిగింది. ముగ్గురు పెద్దమనుషులూ నన్ను చూసి ఒకరినొకరు చూసుకున్నారు. ఒకాయన నా వీపు మీద చెయ్యి వేసి, కడెం, ఇంకేంది అన్నాడు. మిగతా ఇద్దరూ అవునన్నారు. నాలుగోవాడు బాపు. ఆయన మాట కూడా కలవాలి.

బాపు నా చుట్టూ తిరిగాడు. ఎప్పటిలాగే దండ పట్టుకున్నాడు. బొటనవేలు పెట్టి నొక్కి తీశాడు. గుంట పడింది. నేను చూశాను, ఆయన చూశాడు. గుంట లేవలేదు. ఆయన అరచేత్తో దాన్ని కప్పేశాడు. అలా కప్పే నా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

"కడెం" అన్నాడు.

ఐదేళ్ల ఇనుము, రెండేళ్ల పొడి, ఏడేళ్లుగా నేను వినాలనుకున్న మాట. విన్నాను. ఎంత బాగుందో చెప్పలేను. ఆ గుంట సంగతి అప్పుడే మరిచిపోయాను.

నాకు జోడుగా వచ్చినవాడు సరిహద్దు అవతలి పహిల్వాన్. చెట్ల మీద జనం. అతను నా చేతులు పట్టుకున్నాడు, ఒకసారి తోశాడు. అంతే, అతని ముఖంలో నవ్వు వచ్చింది. పక్కనున్న తనవాళ్లకు మరాఠీలో ఏదో చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థమైంది, నీళ్లు అని. తర్వాత నన్ను ఎత్తాడు. ఆకాశం, చెట్ల మీద కాళ్లు, తర్వాత మట్టి. కుడి భుజం దాని చోటు నుంచి జారి బయటికి వచ్చింది. మొత్తం కలిపి, ఒకడు అంగీ గుండీ పెట్టుకునేంత సమయం. గుండీలు కుట్టేవాణ్ణి కాబట్టి నాకు ఆ లెక్క తెలుసు.

చప్పట్లు లేవు. నవ్వులు కూడా మొదట లేవు. తర్వాత ఎవరో అన్నారు, ఉప్పు తవుడు పెట్టి తెచ్చిండ్రా దలాలి అని. అప్పుడు నవ్వారు. నన్ను చూసి కాదు, బాపును చూసి నవ్వారు.

దవాఖానలో భుజం ఎక్కించి కట్టు కట్టారు. బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. నొప్పి కంటే కోపం ఎక్కువగా ఉంది. గుంట పడ్డది చూసినవ్ కదా బాపు అని అడిగాను. చూసిన అన్నాడు. మరి ఎందుకు చెయ్యి ఎత్తినవ్ అన్నాను.

"ముగ్గురు కడెం అన్నంక నేనొక్కణ్ణి ఇది ఉబ్బు అంటే, నీ ఇజ్జత్ ఏం కావాలె?" అన్నాడు.

నాకు ఇంకా మండింది. ఇయ్యాల నా ఇజ్జత్ యాదికొచ్చిందా, రెండేళ్ల కింద కొబ్బరికాయ చేతిల పెట్టినప్పుడు యాదికి రాలేదా అన్నాను. నా బలం నీ కంటికి ఆనలేదు, అందుకే ఈ విషం తాగిన అన్నాను. ఆయన తన బొటనవేలు చూసుకున్నాడు.

"గా ఏడు నీ చెయ్యి రాయి లెక్క ఉండె" అన్నాడు. "నాకు తెల్వదనుకున్నవా. గసొంటి చెయ్యి నేను గా బరిల పట్టలే."

మరి ఎందుకు అని అడిగానో, అడిగాననుకున్నానో.

"నా కొడుకువి గదా. సన్నపోణ్ణి చూసి నేను కడెం అంటే, కొడుకని కట్టిండు అంటరు. అంగడిల నా కన్ను మీదనే గదా బతుకు. గది పోతదని భయపడ్డ."

రెండేళ్లు నేను ఆయన కన్ను తప్పు అనుకున్నాను. ఆ తప్పును దిద్దడానికి నా ఒళ్లు నేనే పాడుచేసుకున్నాను. ఆ కన్ను తప్పు కాదు. అది సరిగ్గానే చూసింది. నోరు అబద్ధం చెప్పింది. పోనీ, ఇంటికి వచ్చాక, వాకిట్లో ఎవరూ లేనప్పుడు, నీ చెయ్యి గట్టిగుంది రా అని ఒక్క మాట అని ఉంటే? ఆ కొబ్బరికాయ నేను నవ్వుతూ పగలగొట్టేవాణ్ణి. ఆ మట్టి రంగు డబ్బా కొనేవాణ్ణి కాదు. ఒక్క మాటకు ఆయనకు ఏం ఖర్చయ్యేది?

బలం ఉన్న ఏడు తన పేరు కాపాడుకోవడానికి నన్ను దించాడు. బలం లేని ఏడు నా పేరు కాపాడడానికి తన పేరు పోగొట్టుకున్నాడు. రెండింటిలో ఒకటైనా నాకు పనికొచ్చేలా చెయ్యలేదు. నేను అప్పుడు ఇదే మాట ఆయన ముఖం మీద అన్నాను. ఆయన తల ఊపాడు, అంగడిలో ఎద్దును చూసి ఊపినట్టు.

ఆయన భయపడిందే జరిగింది. కొడుక్కి ఉబ్బు ఒళ్లు పెట్టి కడెం కట్టిండు అని పిట్లం అంగడిదాకా పాకింది. మొదట ఎగతాళిగా అన్నారు, తర్వాత నిజంగానే అన్నారు. పిలవడం తగ్గించారు. ఒక ఏడాదికి బాపు అంగడికి పోయి, ఉత్తగా టీ తాగి, మధ్యాహ్నానికే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మరుసటి జాతరకు ఆయన్ను బరిలోకి పిలవలేదు. ఆ పై ఏడు కమిటీవాళ్లు తూకం మిషన్ కొన్నారు. ఇప్పుడు కిలోల లెక్కన జోడు కడతారు. ఆ తూకం ముందే వచ్చి ఉంటే నేను ఎప్పటికీ కొబ్బరికాయ దగ్గరే ఉండేవాణ్ణి, కానీ మనిషి మీద కోపం ఉండేది కాదు. మిషన్ మీద ఎవడు కోపం పెట్టుకుంటాడు?

పొడి మానేశాను. ఒళ్లు గాలి తీసినట్టు దిగిపోయింది, దాంతోపాటు పాత బలం కూడా. మళ్లీ మొదటి నుంచి. ఖాళీ ఇనుప కడ్డీతో మొదలుపెట్టినప్పుడు నాకు ముప్పై దాటింది. కుడి భుజం పూర్తిగా పైకి లేవదు. దాన్ని తప్పించి చేసేవి చేసుకుంటాను. కొందరికి ఏడాదిలో వచ్చేది నాకు ఆరేళ్లు పట్టింది. నూట నలభై మళ్లీ ఎత్తలేదు. నూట ముప్పై దగ్గర ఉన్నాను. జాతరకు మాత్రం పోను. మరి ఇంకా ఎందుకు చేస్తావు అని మా ఆవిడ అడుగుతుంది. ఏం చెప్పాలో తెలియదు. ఒంటికి అలవాటైంది అంటాను. నిజం అది కాదు. ఆ పొడి నా దగ్గర నుంచి తీసుకుపోయినదాన్ని అలా వదిలెయ్యడం నాకు చేతకాదు. నేను మొండివాణ్ణి, అది కూడా ఆ ఇంటి నుంచే వచ్చిందేమో.

బాపుతో మాటలు తగ్గాయి. ఒకే ఇంట్లో ఉంటాం. తిన్నవా అంటే తిన్న, అంతే. ఆయన కూడా వేరే మాట ఎత్తలేదు.

పోయిన చలికాలం ఆయన రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. నిజామాబాద్ తీసుకుపోయి ముందు ఒక కంటికి ఆపరేషన్ చేయించాను. రెండో కన్ను ఎలాగూ మసకే. కట్టు కట్టి, పైన ఆకుపచ్చ బట్ట వేసి పంపించారు. బాన్సువాడ బస్టాండులో దిగేటప్పుడు నేను ముందు దిగి, నా చెయ్యి పట్టుకుని దిగమని ఎడమ చెయ్యి చాపాను. ఆయన తడుముకుని నా ముంజేయి పట్టుకున్నాడు. కింది మెట్టు మీద ఆగాడు. కాలు కనిపించక ఆగాడనుకున్నాను. వెనక జనం తోస్తున్నారు. కండక్టరు జల్ది దిగుండ్రి అని అరుస్తున్నాడు.

ఆయన బొటనవేలు నా ముంజేతిలోకి దిగింది. గట్టిగా నొక్కాడు. తీశాడు. మళ్లీ అదే చోట తడిమాడు, గుంట ఉందేమోనని. లేదు.

"గట్టిగున్నది" అన్నాడు.

పదేళ్ల కింద, ఎండలో, చెయ్యి పైకెత్తి, ఊరంతా వినేలా అనాల్సిన మాట. కంటికి కట్టు కట్టుకుని, బస్సు మెట్టు మీద, దిగే తొందరలో ఎవడూ వినిపించుకోనప్పుడు అన్నాడు. నాకు కోపం తగ్గలేదు. ఆ క్షణంలో ఇంకా పెరిగింది కూడా. వెనకవాళ్లు తిడుతున్నారు. అయినా ఆయన ఆ వేలు తీసేదాకా నేను చెయ్యి కదపలేదు.